బొగ్గుబావి ప్రక్కన స్వపరిపాలన: రామగుండము నేర్పు పాఠము

పంచాయతీ సభ్యులు కూడిన చోట్ల మేము తరచుగా వినుచుండు ప్రశ్న ఒకటి గలదు. "మా ఊరిని పట్టణములో కలుపుదురట. కలిసిన పిమ్మట మా చెరువు, మా బంజరు, మా ఇంటిపన్ను ఎవరి చేతిలోనికి పోవును?" బొగ్గుగనుల ప్రాంతపు సభ్యులు దీనికి మరియొక ప్రశ్న చేర్చుదురు. "కంపెనీవారి కాలనీలో పంచాయతీ మాట చెల్లునా?" ఈ రెండు ప్రశ్నలకును చట్టములందు సమాధానములు కలవు. అయితే ఒక ఊరు ఎట్లు పెరిగినదో, దాని పాలన ఆ పెరుగుదల వెంట ఎట్లు కుంటుచు నడచినదో చూచినచో ఆ చట్టములు తేలికగా మనస్సున కెక్కును. ఇందులకు గోదావరి కుడి యొడ్డున నున్న రామగుండము కంటె తగిన ఊరు దొరకదు.

కొండ చెంత నున్న గుండములలో శ్రీరాముడు స్నానమాడెనని స్థానికుల విశ్వాసము. పేరు అందుండి వచ్చినదే. నిజాము కాలమున ఇది కరీంనగరు జిల్లాలోని ఒక సామాన్య గ్రామము. తెలంగాణమందలి ఇతర గ్రామములలో వలెనే ఇచ్చటను పాలన మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అను ముగ్గురి చేతులలో నుండెడిది. శిస్తు వసూలు మొదటివాని పని, శాంతిభద్రతలు రెండవవాని పని, భూమి దస్తరములు మూడవవాని పని. ఊరివారు ఎన్నుకొనిన వారు కారు. ఆ పదవులు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుచుండెడివి. ఈ పద్ధతి 1984లో రద్దగు వరకు ఏదో యొక రూపమున నిలిచియే యున్నది. అనగా రామగుండములో గనులు, విద్యుత్కేంద్రము, ఎరువుల కర్మాగారము వెలసి, వేలాది కార్మికులు చేరిన పిమ్మటకూడ, భూమి లెక్క మాత్రము పట్వారీ బస్తాలోనే యుండెనన్నమాట. ఈ విషయము సభ్యులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని పడును.

ఊరికి తొలి మలుపు రైలు. కాజీపేట నుండి గోదావరి దాటి బల్హార్షా వరకు పోవు మార్గము 1920లలో నిర్మింపబడినది. 1929 నాటికి మద్రాసు, ఢిల్లీల నడుమ ఈ దారిన రైళ్ళు నడువసాగినవి. రామగుండమున స్టేషను వెలసినది. బొగ్గు కథ అంతకు ముందే మరియొక చోట ఆరంభమైనది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు సమీపమున బొగ్గు కనుగొన్నారు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు పొందినది. ఆ కంపెనీయే 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు ధరించినది. 1945లో హైదరాబాదు ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొనుటచే అది సర్కారు సంస్థ యైనది. నేడు అందు రాష్ట్ర ప్రభుత్వమునకు నూటికి 51 వంతులు, కేంద్రమునకు 49 వంతులు కలవు. ఇల్లెందు, కొత్తగూడెము, బెల్లంపల్లి వంతు గడచిన పిమ్మట, 1960 ప్రాంతమున రామగుండము వంతు వచ్చినది.

గనుల చెంత వెలసిన బస్తీకి గోదావరిఖని యని పేరు పడినది. చుట్టుప్రక్కల జనులు దానిని క్లుప్తముగా "ఖని" యందురు. గనిలో పనిని "బాయి పని" యందురు. జనము, బజారు, సందడి ఎక్కువ గోదావరిఖనిలోనే. కాని సర్కారు కాగితములపై మండలము రామగుండము, నగరపాలక సంస్థ రామగుండము, రైలు స్టేషను రామగుండము. పెరిగిన ఊరి కొకటి, పాలించు ఊరి కొకటి పేరుండుట చిన్న విషయముగా తోచవచ్చును గాని, ఈ ఊరి చరిత్ర యంతయు ఈ రెండు పేర్ల నడుమ నున్న దూరమే యని మా అభిప్రాయము.

బొగ్గు, నీరు, రైలు మూడును ఒక్కచోట దొరకినందున ఇతర సంస్థలు వచ్చి చేరినవి. 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. ఊరివారు దానిని "బి పవర్ హౌసు" అందురు. బొగ్గునుండి యూరియా తయారుచేయు ఎరువుల కర్మాగారము 1980 నవంబరులో ఉత్పత్తి కుపక్రమించినది. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రమునకు 1978లో శంకుస్థాపన జరిగినది. 1983లో మొదటి యూనిటు ఆరంభమై, క్రమముగా 7 యూనిట్లతో 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. ఇరువది యేండ్లు గడువకముందే నాలుగు పెద్ద యజమాన్యములు ఒక గ్రామము చుట్టును నిలిచినవి.

ప్రతి యజమాన్యమును తన కాలనీ తానే కట్టుకొన్నది. తన కార్మికులకు క్వార్టర్లు, నీటి ట్యాంకు, వీథి దీపములు, ఆసుపత్రి, పాఠశాల, ఆటస్థలము తానే సమకూర్చుకొన్నది. ఇది మంచి పనియే. ఆ కాలమున ఏ పంచాయతీయు అట్టి సదుపాయములు కల్పించగలిగి యుండెడిది కాదు. అయితే ఈ ఏర్పాటు వలన ఒక ఊరిలో నాలుగైదు ఊళ్ళు పుట్టినవి. కంపెనీ క్వార్టరులో నున్న కార్మికుని కుళాయి చెడినచో అతడు కంపెనీ సివిల్ శాఖకు చెప్పుకొనును. ఆ గోడ కావల చిన్న ఇల్లు వేసికొన్న కాంట్రాక్టు కూలీ, దర్జీ, కూరల వ్యాపారి, టీ కొట్టువాడు, పదవీవిరమణచేసి క్వార్టరు ఖాళీచేసిన ముసలి కార్మికుడు ఎవరికి చెప్పుకొనవలెను? వీరందరును ఆ గనుల వలననే అచ్చటికి వచ్చినవారు. కాని కంపెనీ జాబితాలో వీరి పేర్లు లేవు. వీరి కున్నది స్థానిక సంస్థ ఒక్కటియే.

ఆ స్థానిక సంస్థ ఎట్టిది? హైదరాబాదు రాష్ట్రమున 1956లో గ్రామ పంచాయతీల చట్టము వచ్చినది. 1959 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. దేశమున రాజస్థానము తరువాత ఈ పద్ధతి నెలకొల్పిన రాష్ట్రము మనదే. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములు రెంటికి నొకే పంచాయతీ చట్టము 1964లో, ఒకే పురపాలక చట్టము 1965లో చేయబడినవి. ఈ చట్టములు చక్కనివే. కాని పంచాయతీ చట్టము మనస్సులో నుంచుకొన్న ఊరు వేరు. ఆ ఊరిలో జనులు తరతరములుగా నుందురు, భూమి దున్నుదురు, ఇల్లు తమది, చెరువు ఊరిది. బొగ్గు ఊరిలో ఇల్లు కంపెనీది, భూమి కంపెనీ సేకరించినది, మనిషి ఉద్యోగ మున్నన్నాళ్ళే యుండును. బదిలీ యైనచో శ్రీరాంపురమునకో, మందమర్రికో పోవును. అట్టివారు పంచాయతీ యెన్నికలలో ఓటు వేసినను, ఊరి మురుగుకాలువ తమదని తలంచుట కష్టము. ఇక ఊరివారి స్థితి మరియొక విధమైనది. వారి పొలము గని క్రింద పోయినది, పరిహారము ఖర్చయినది, పంచాయతీ మాత్రము మిగిలినది. ఆ పంచాయతీ మీద వేలాది క్రొత్తవారి నీరు, చెత్త, దీపముల భారము పడినది.

కొంతకాలమునకు పురపాలక వ్యవస్థ తప్పనిసరి యైనది. రామగుండము పురపాలక సంఘము 2009లో నగరపాలక సంస్థ యైనది. 2014, 2020 ఎన్నికలలో దాని డివిజన్ల సంఖ్య 50. 2011 జనాభా లెక్కల ప్రకారము నగరమున 2,29,644 మంది కలరు. ఇంత పెద్ద ఊరు 2016 వరకు జిల్లా కేంద్రమైనను కాదు. ఆ సంవత్సరము అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు కూడ జిల్లా పేరును, కేంద్రమును పెద్దపల్లికే దక్కినవి. పాత రామగుండము మండలము నుండి అంతర్గాము, పాలకుర్తి అను రెండు మండలములు విడివడినవి. పోలీసు కమీషనరేటు మాత్రము రామగుండము పేర ఏర్పడి, గోదావరి కావలి మంచిర్యాల జిల్లాను గూడ తన పరిధిలోనికి తీసికొన్నది. రెవెన్యూవారి సరిహద్దు ఒకటి, పోలీసువారిది ఒకటి, నగరపాలక సంస్థది ఒకటి, కంపెనీ ఏరియాలది మరియొకటి. సామాన్యుడు ఏ పనికి ఏ గడప తొక్కవలెనో తెలిసికొనుటకే సగము దినము గడచును.

ఇట్టి చిక్కు మన దేశముననే పుట్టినది కాదు. జర్మనీ దేశమున రూరు బొగ్గు ప్రాంతమందు ఒబర్‌హౌజెన్ అను నగరము కలదు. రామగుండము వలెనే అదియు రైలు స్టేషనుచుట్టు పెరిగిన ఊరు. 1847లో ఇసుకనేల బీడులో స్టేషను కట్టి, సమీపమందలి యొక కోట పేరు దానికి పెట్టిరి. బొగ్గుగనులు, ఇనుప కర్మాగారములు వెలసి జనము చేరినది. అచ్చట ఊరే లేనందున దానికి పాలకవర్గము లేదు. 1862లో చుట్టునున్న గ్రామముల నుండి ముక్కలు కోసి క్రొత్త స్థానిక విభాగము నేర్పరచిరి. 1874లో పట్టణ హోదా ఇచ్చిరి. 1929లో ఆస్టర్‌ఫెల్డ్, ష్టెర్క్‌రాడె అను ప్రక్క పట్టణములను అందు కలిపిరి. నేడు దాని జనాభా సుమారు 2 లక్షల 10 వేలు. మన రామగుండమునకు ఇంచుమించు సరిజోడు.

జర్మనీలో స్థానిక విభాగమును "గెమైండె" అందురు. అది పల్లె కావచ్చును, పట్టణము కావచ్చును. 1808లో ప్రష్యా రాజ్యమున ష్టైన్ అను మంత్రి తెచ్చిన పట్టణ శాసనముతో అచ్చట ఎన్నికైన పట్టణ సభలకు అధికారము వచ్చినది. 1949 నాటి వారి రాజ్యాంగము 28వ అధికరణము ఈ స్వపరిపాలన హక్కును కాపాడుచున్నది. ఇవి గొప్ప మాటలే. అయినను అచ్చట మనకు ఎక్కువ ఉపయోగపడు విషయము వేరొకటి. ప్రష్యాలో చిరకాలము "గూట్స్‌బెట్సిర్క్" అను ప్రాంతములు వేలకొలదిగా నుండెడివి. అనగా జమీందారు ఎస్టేటు. ఆ హద్దులలో గెమైండె లేదు, ఎన్నిక లేదు. బాట వేయుట, బీదలను చూచుట మొదలగు స్థానిక బాధ్యతలన్నియు భూస్వామివే, అధికారమును అతనిదే. అచ్చట నివసించు కూలీలు దేశ పార్లమెంటునకు ఓటు వేయగలిగిరి గాని తమ వీథి విషయమున ఓటు వేయలేకపోయిరి. 1927 డిసెంబరు నాటి చట్టముచే ఆ ఎస్టేటు ప్రాంతములను రద్దుచేసి, ప్రక్క గెమైండెలలో కలుపుటయో, క్రొత్త గెమైండెలు చేయుటయో జరిగినది. భూమికి యజమాని యగుట, ఊరికి పాలకుడగుట ఒకటి కాదని ఆ దేశమువారు నిర్ణయించుటకు 1927 వరకు పట్టినది.

మన రాజ్యాంగమున ఈ విషయమై ఏమున్నది? 1993 జూను 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ సవరణ ప్రతి పట్టణమునకును ఎన్నికైన పురపాలక సంస్థ ఉండవలెనని చెప్పినది. అయితే 243క్యూ అధికరణమున ఒక మినహాయింపు కలదు. ఏదేని పారిశ్రామిక సంస్థ తన ప్రాంతమున పురపాలక సేవలు అందించుచున్నచో, లేక అందింప దలచినచో, గవర్నరు దానిని పారిశ్రామిక టౌన్‌షిప్పుగా ప్రకటింపవచ్చును. అచ్చట పురపాలక సంస్థ నేర్పరచ నక్కరలేదు. జార్ఖండు రాష్ట్రమందలి జంషెడ్‌పూరు చిరకాలముగా ఈ చర్చకు కేంద్రమై యున్నది. మా దృష్టిలో ఈ మినహాయింపునకు ఒక సమర్థన లేకపోలేదు. కంపెనీ ఊరిని శుభ్రముగా నుంచగలదు. జీతమునకు పనిచేయు ఇంజనీరు ఎన్నికల గొడవ లేకుండ పైపులు వేయగలడు. కాని సేవ బాగున్నంతవరకే ఆ మాట. సేవ చెడిన నాడు నివాసి అర్జీ పెట్టుకొనగలడే గాని ఎవరిని మార్చగలడు? పైగా కంపెనీ గేటు బయట పెరుగు బస్తీ ఆ లెక్కలో రానే రాదు. రామగుండము ఆ మార్గమున పోక, కాలనీలు బస్తీలు అన్నియు ఒక్క పాలక సంస్థ పరిధిలో నుండు మార్గమున నడచినది. మేము దీనిని మేలుగనే ఎంచుచున్నాము.

ఎన్నికైన సంస్థ లేనిచో ఏమగునో తెలిసికొనుటకు గోదావరి దాటిన చాలును. మంచిర్యాల జిల్లాలోని మందమర్రి సింగరేణి గనుల పట్టణమే. 2011లో అచ్చట అర లక్షకు పైగా జనాభా. అది పంచాయతీ నుండి పురపాలక సంఘముగా మారినది. కాని షెడ్యూల్డు ప్రాంతమగుటచే వివాదము పుట్టినది. రాజ్యాంగమందలి పురపాలక భాగము 243జడ్‌సి అధికరణము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములకు తనంతట తాను వర్తింపదు. పార్లమెంటు చట్టము చేసి దానిని విస్తరింపవలెను. పంచాయతీల విషయమున అట్టి చట్టము 1996లో వచ్చినది. పురపాలక సంఘముల విషయమున 2001లో రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టబడినది గాని అది చట్టము కాలేదు. ఈ కారణమున మందమర్రిలోను, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని మణుగూరులోను దశాబ్దముల తరబడి ప్రత్యేకాధికారి పాలనయే సాగినది. 2020 జనవరిలో రాష్ట్రమందలి పురపాలక ఎన్నికలు జరిగినపుడు ఈ పట్టణములు మినహాయింపబడినవి. పంచాయతీ యుండగా సర్పంచిని, వార్డు సభ్యులను ఎన్నుకొనిన జనులు, ఊరు పెద్దదైనందున ఆ హక్కును వినియోగింపలేకపోయిరి. గిరిజనుల భూమి, హక్కులు కాపాడుటకు షెడ్యూల్డు ప్రాంతపు రక్షణలు అవసరమే. ఆ రక్షణలు నిలుపుచునే ఎన్నికైన సంస్థ నెట్లు ఏర్పరచవలెనో పార్లమెంటు తేల్చవలసి యున్నది.

ప్రత్యేకాధికారి పాలన యెట్లుండునో తెలంగాణ పంచాయతీ సభ్యులకు వేరుగ చెప్ప నక్కరలేదు. 2024 ఫిబ్రవరి నుండి 2025 డిసెంబరు ఎన్నికల వరకు గ్రామములన్నియు దానిని చవిచూచినవే. 15వ ఆర్థిక సంఘము నిధులు ఎన్నికైన స్థానిక సంస్థలకే యను నిబంధన ఎంత కఠినమో ఆ కాలమున అందరికిని తెలిసివచ్చినది.

ఇక పన్ను విషయము. కంపెనీ భవనములపై పన్ను అడుగుటకు కొందరు సభ్యులు జంకుదురు. "అది సర్కారు కంపెనీ గదా, సర్కారు ఆస్తిపై మనము పన్ను వేయవచ్చునా?" యందురు. రాజ్యాంగము 285వ అధికరణము కేంద్ర ప్రభుత్వ ఆస్తికి స్థానిక పన్నుల నుండి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అయితే 1982లో సుప్రీంకోర్టు ఈ విషయమును ఒక బొగ్గు కంపెనీ వ్యాజ్యముననే తేల్చినది. నాటి మధ్యప్రదేశములోని కోర్బా వద్ద వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కంపెనీ ఆస్తులపై అచ్చటి ప్రత్యేక ప్రాంతాభివృద్ధి సంస్థ పన్ను విధింపగా, కంపెనీ తన వాటాలన్నియు కేంద్ర ప్రభుత్వమువే గనుక పన్ను చెల్లదని వాదించినది. వాటాలు ఎవరివైనను కంపెనీ వేరొక వ్యక్తియే, దాని ఆస్తి కేంద్ర ప్రభుత్వ ఆస్తి కాదు, పన్ను చెల్లునని న్యాయస్థానము చెప్పినది. కనుక పంచాయతీ హద్దులలో కంపెనీ క్వార్టర్లు, కార్యాలయములు, గోదాములు ఉన్నచో, చట్ట ప్రకారము కొలతలు వేసి, డిమాండు రిజిస్టరులో చేర్చి, నోటీసు పంపుట సభ్యుల విధి. ఇందులో వైరభావ మక్కరలేదు. చిన్న రైతు ఇంటిపన్ను చెల్లించు ఊరిలో పెద్ద కంపెనీయు చెల్లించును, అంతే.

ఒబర్‌హౌజెనుతో పోల్చినపుడు ఒక భేదము స్పష్టముగా కనబడును. జర్మనీలో వ్యాపార సంస్థల లాభముపై వేయు ఒక పన్ను గెమైండెకే చెందును. కర్మాగారములు నడచినన్నాళ్ళు ఊరు సంపన్నము. కాని అది రెండువైపుల పదునుగల కత్తి. ఒబర్‌హౌజెనులో చివరి గని 1992లో మూతబడినది. దేశమంతటను రాతిబొగ్గు త్రవ్వకము 2018 డిసెంబరుతో ముగిసినది. ఆదాయము తగ్గినది, బాధ్యతలు తగ్గలేదు. ఆ నగరము జర్మనీలో అప్పుల భారము ఎక్కువగల వానిలో ఒకటిగా పేరుపడినది. మనకు అట్టి పన్ను లేదు. బొగ్గుపై నూటికి 14 వంతుల రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వమునకు పోవును. స్థానిక సంస్థకు మిగులునది ముఖ్యముగా ఆస్తిపన్నే. అందుచే మన ఊళ్ళు కంపెనీ కలిమిలో పెద్ద భాగము పొందవు. కంపెనీ లేమిలో మాత్రము పూర్తి భాగము పొందును.

ఈ మాట ఊరకే అనుట లేదు. రామగుండము ఎరువుల కర్మాగారము నష్టములతో 1999 మార్చి 31న మూతబడినది. ఉద్యోగులు వెడలిపోయిరి. సంస్థ నడచినన్నాళ్ళు కాలనీ నిర్వహణ సంస్థదే; సంస్థ పోయిన పిమ్మట మిగిలిన ఇండ్లకు, అంగడులకు, బాటలకు దిక్కెవరు? కర్మాగారము తిరిగి వచ్చుటకు రెండు దశాబ్దములు పట్టినది. క్రొత్త సంస్థ పేర, ఈ సారి బొగ్గుతో గాక సహజవాయువుతో, 2021 మార్చిలో ఉత్పత్తి ఆరంభమైనది. బి పవర్ హౌసు 2024లో మూతబడినది. సింగరేణిలో 1990ల తొలినాళ్ళలో లక్షకు పైగా నున్న కార్మికుల సంఖ్య నేడు దాదాపు 40 వేలకు దిగినది. యంత్రములు పెరిగినవి, లోతు గనుల స్థానమున ఓపెన్ కాస్టు గనులు వచ్చినవి. బొగ్గు ఉత్పత్తి పెరిగినది, ఊరిలో జీతగాండ్రు తగ్గిరి. 2001 కంటె 2011లో రామగుండము జనాభా కొంత తగ్గినదన్న సంగతి ఆలోచింపదగినది. సంస్థలు వచ్చును, పోవును. వాని తాళములు పడిన నాడు వీథిదీపము వెలుగుచున్నదా లేదా యని చూచునది ఎన్నికైన వార్డు సభ్యుడే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఊరు పట్టణములో కలియుటను నిర్ణయించునపుడు జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చు ఆదాయము, వ్యవసాయేతర వృత్తులలో నున్నవారి శాతము, ఆర్థిక ప్రాముఖ్యము చూడవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. జర్మనీలో 1968 నుండి పదేండ్లలో గ్రామములను కలిపి కలిపి సుమారు 24 వేల గెమైండెలను దాదాపు 8,500కు తగ్గించిరి. మన తెలంగాణలో 2018లో ఇందుకు భిన్నముగా రెండు పనులును ఒకేసారి జరిగినవి. తండాలను, శివారు పల్లెలను విడదీసి పంచాయతీల సంఖ్యను 12,751కి పెంచిరి. పెద్ద గ్రామములను మార్చి 68 క్రొత్త పురపాలక సంఘములను చేసిరి. ఏది మేలని ఒక్క మాటలో చెప్పలేము. చిన్న సంస్థకు చేరువ ఎక్కువ, చేవ తక్కువ. పెద్దదానికి చేవ ఎక్కువ, చేరువ తక్కువ. మీ ఊరి జనులలో నూటికి ఎందరు పొలముపై బ్రతుకుచున్నారో, ఎందరు గనిపై, కొట్టుపై, కూలిపై బ్రతుకుచున్నారో ముందు లెక్క వేయుడు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము గ్రామీణ ప్రాంతములకే చేయబడినది. ఆ పనిపై ఆధారపడిన ఇండ్లు ఎన్నియో తెలియక, విలీనమునకు సమ్మతి తెలుపుటయో, వ్యతిరేకించుటయో తగదు.

విలీనము జరిగిన దినమున పంచాయతీ రద్దగును. దాని ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు పట్టణ సంస్థకు చేరును. దస్తరములో నున్నదే చేరును, లేనిది చేరదు. పట్వారీ బస్తా సంగతి గుర్తుంచుకొనుమని మేము ముందు చెప్పినది ఇందుకే. బొగ్గు ప్రాంతమున భూమి పలుమార్లు చేతులు మారినది. కొంత కంపెనీ సేకరించినది, కొంత సేకరించియు వాడక వదలినది, కొంత బంజరుగనే యున్నది, దానిపై ఇండ్లు వెలసినవి. ఏ సర్వే నంబరులో పంచాయతీ బావి కలదో, శ్మశానమునకు ఎంత నేల కలదో, పశువుల కుంట హద్దు ఎక్కడనో వ్రాత లేనిచో, విలీనము తరువాత నిరూపించువారుండరు. పాత సర్పంచికి అధికారముండదు, క్రొత్త అధికారికి తెలియదు. కనుక విలీనము మాట పుట్టక ముందే ఆస్తుల రిజిస్టరు సరిచూచి, తహసీలు కార్యాలయపు లెక్కలతో పోల్చి, గ్రామసభలో చదివించి, తీర్మానపు పుస్తకమున ఎక్కించవలెను. వార్డు సభ్యుడు తన వార్డులోని చేతిపంపులు, కాలువలు, బాటలు కాలినడకన తిరిగి వ్రాసికొనిన రెండు దినములలో ముగియు పని ఇది.

గని చెంత నున్న పంచాయతీలకు చేయదగిన పని మరియొకటి కలదు. 2015లో గనుల చట్టమును సవరించి ప్రతి గనుల జిల్లాలోను జిల్లా ఖనిజ నిధి నేర్పరచిరి. 2015 జనవరి 12కు ముందు లీజు పొందిన గనులవారు రాయల్టీగా చెల్లించు ప్రతి 100 రూపాయలకు అదనముగా 30 రూపాయలు ఈ నిధికి జమచేయవలెను. గనుల వలన బాధపడిన ప్రాంతములకే ఆ సొమ్ము. అందు నూటికి 60 వంతులకు తగ్గకుండ త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, కాలుష్య నివారణ మొదలగు ముఖ్యావసరములకు వెచ్చింపవలెనని 2015 మార్గదర్శకములు చెప్పినవి. షెడ్యూల్డు ప్రాంతపు గ్రామములలో ప్రణాళికకు గ్రామసభ ఆమోదము తప్పనిసరి. ఇతర గ్రామములలోను గ్రామసభ తీర్మానము అర్జీకి బలమిచ్చును. గని ప్రేలుళ్ళకు గోడలు బీటలు వారిన ఇండ్లు ఎన్ని, నీరింకిన బావులు ఎన్ని, బొగ్గుధూళి పడు పాఠశాల ఏది అని ఇంటి నంబరుతో, సర్వే నంబరుతో వ్రాసి, తీర్మానపు నకలు జతచేసి జిల్లా కలెక్టరునకు పంపవలెను. నకలు ఒకటి పంచాయతీ కార్యాలయమున నుంచి, అందినట్లు రశీదు తీసికొనవలెను.